సాగు భూమి నాలాకు మారితే: తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి కాగితాలు చూసి పెట్టమని వచ్చేవారిలో అమ్మే రైతు ఉంటాడు, కొనే ఉద్యోగి ఉంటాడు, ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చిన మధ్యవర్తి ఉంటాడు. ముగ్గురి నోటా వినిపించే మాట ఒకటే: నాలా. అర్థాలు మాత్రం మూడు. రైతుకు అది ధర పెంచే కాగితం. ఉద్యోగికి ఇల్లు కట్టుకోవడానికి అనుమతి. మధ్యవర్తికి, బేరం తెగడానికి పనికొచ్చే మాట. చట్టం ప్రకారం ఈ మూడూ పూర్తిగా నిజం కావు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ విషయంపై పదే పదే ఎదురయ్యే ప్రశ్నలు ఇవి.

అసలు నాలా అంటే ఏమిటి?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1963లో వ్యవసాయేతర భూముల పన్ను చట్టం వచ్చింది. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి చదివితే నాలా. సేద్యం మానేసి ఇల్లో మిల్లో కట్టుకున్న భూమికి ఏటేటా పన్ను కట్టించుకోవడం ఆ చట్టం పని. 2006లో దాన్ని రద్దు చేసి భూ మార్పిడి చట్టం తెచ్చారు. ఏటా పన్ను పోయి ఒక్కసారి కట్టే రుసుము వచ్చింది. ముందుగా అనుమతి తీసుకోవాలన్న నిబంధన కూడా దాంతోనే వచ్చింది. అంటే నాలా చట్టం పోయి దాదాపు ఇరవై ఏళ్లవుతున్నా పేరు మాత్రం జనం నోట్లో నిలిచిపోయింది: సాగు భూమిని వేరే వాడకానికి మార్చే అనుమతినే ఇప్పుడు నాలా అంటున్నారు.

హైదరాబాదులో వరద నీటి కాలువను కూడా నాలా అనే అంటారు. కాబట్టి "ఈ ప్లాటుకు నాలా ఉందా?" అని అడిగితే ఏ నాలా గురించి జవాబు చెబుతున్నారో గమనించండి. నిజానికి రెండూ అడగాల్సినవే.

రుసుము ఎంత? దేని మీద లెక్క కడతారు?

మీరు కొన్న ధర మీద కాదు, రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఆ భూమికి రాసి ఉన్న విలువ మీద. 2006లో చట్టం వచ్చినప్పుడు ఆ విలువలో 10 శాతం అన్నారు. తర్వాత రెండు రాష్ట్రాలూ దాన్ని తగ్గిస్తూ, పెంచుతూ వచ్చాయి. తెలంగాణ 2021లో జీహెచ్ఎంసీ పరిధిలో 3 శాతం, మిగతా చోట్ల 5 శాతం చేసింది. పుస్తకం విలువ ఎకరా 20 లక్షలు అనుకుంటే, జీహెచ్ఎంసీ బయట రుసుము లక్ష రూపాయలు. అదే ఎకరం బయట కోటిన్నర పలుకుతున్నా రుసుము లక్షే. రైతులు ఈ ఖర్చుకు పెద్దగా బెదరకపోవడానికి కారణం ఇదే. అసలు ఖర్చు మరో చోట ఉంది. దాని సంగతి ఆదాయపు పన్ను ప్రశ్న దగ్గర చెబుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో చట్టాన్నే ఎత్తేశారు కదా, ఇక ఏదీ అక్కర్లేదా?

2006 నాటి చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2025లో రద్దు చేసిన మాట నిజం. అంతమాత్రాన పొలంలో ఎవరికి తోచింది వారు కట్టుకోవచ్చని కాదు. రెవెన్యూ శాఖ దగ్గర విడిగా మార్పిడి ఉత్తర్వు తెచ్చుకునే మెట్టు ఒక్కటే తగ్గింది. దాని స్థానంలో లేఅవుట్‌కో భవనానికో అనుమతి తీసుకునేటప్పుడు బాహ్య అభివృద్ధి రుసుము పేరుతో డబ్బు కట్టాలి. ప్రణాళికా అనుమతులు, నిషేధిత భూముల జాబితా, చెరువుల నిబంధనలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రద్దు కాకముందు వచ్చిన లేఅవుట్లలో కొనేవారు పాత ఉత్తర్వు అడగడం మానకండి. ఆనాటి అనుమతికి ఆధారం అదే.

నాలా అయిన భూమిని ప్లాట్లు చేసి అమ్ముకోవచ్చా?

కుదరదు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఒక పొలం ఇళ్ల స్థలంగా మారడానికి మూడు వేర్వేరు గడపలు దాటాలి. మొదటిది రెవెన్యూ శాఖది, ఇదే నాలా. ఈ భూమిని ఇకపై సాగు భూమిగా లెక్కించబోమని ఆ శాఖ తన దస్త్రాల్లో రాసుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 రద్దుతో పోయింది ఈ ఒక్క గడపే. రెండోది ప్రణాళికా సంస్థది. హైదరాబాదుకు హెచ్ఎండీఏ, అమరావతికి సీఆర్‌డీఏ, విశాఖకు వీఎంఆర్‌డీఏ, ఇలాంటి సంస్థలు మాస్టర్ ప్లాన్‌లో ప్రతి సర్వే నంబరుకూ ఒక రంగు వేసి పెడతాయి: నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, పరిరక్షణ, ఇలా. పరిరక్షణ రంగు పడిన భూమికి రెవెన్యూ ఉత్తర్వు ఉన్నా అక్కడ కాలనీ వేయనివ్వరు. ఆ రంగు మార్పించుకోవడాన్ని భూ వినియోగ మార్పిడి అంటారు. దరఖాస్తు వేరు, రుసుము వేరు, నిర్ణయించేవారూ వేరే. మూడోది లేఅవుట్ అనుమతి. రోడ్ల వెడల్పు ఎంత, ఖాళీ స్థలం ఎక్కడ, మురుగు ఎటు పోతుంది అన్నవి అందులో తేలతాయి.

మాస్టర్ ప్లాన్ లేని పల్లెల్లో పంచాయతీ కార్యదర్శి సంతకం చాలని ఇప్పటికీ కొందరు నమ్మిస్తున్నారు. రాష్ట్ర పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగమైన డీటీసీపీ సాంకేతిక అనుమతి లేకుండా పంచాయతీ తనంతట తాను లేఅవుట్ ఇవ్వలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లు, ఖాళీ స్థలం పోను అమ్మకానికి మిగిలేది సగానికి కాస్త పైన. ఎవరైనా ఎకరంలో నాలుగు వేల గజాల ప్లాట్లు అమ్ముతున్నారంటే రోడ్డైనా ఇరుకై ఉండాలి, పార్కైనా కాగితం మీదే ఉండాలి.

నాలా ఉంది, లేఅవుట్ అనుమతి లేదు. రిజిస్ట్రేషన్ అవుతుందా?

తెలంగాణలో 2020 ఆగస్టు 26 నుంచి అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశారు. క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్‌కు కూడా గీత ఆ తేదీయే. అంతకుముందు రిజిస్టరైన ప్లాటుకు దారి ఉంది. ఆ తర్వాత పుట్టిన లేఅవుట్‌కు లేదు. "మా మనిషి ఉన్నాడు, చేయించేస్తాం" అనేవారి మాట మీద బయానా ఇవ్వకండి. రిజిస్ట్రేషన్ జరిగిపోయినా ఇంటి అనుమతి దగ్గర, బ్యాంకు రుణం దగ్గర పాత ప్రశ్న మళ్లీ లేస్తుంది.

గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్ల సంగతేమిటి?

నాలా ఖర్చు, లేఅవుట్ ఖర్చు రెండూ తప్పించుకోవడానికి పుట్టిన వ్యాపారం అది. పొలాన్ని పొలంగానే ఉంచి అయిదు గుంటలు, పది గుంటలు చొప్పున అమ్ముతారు. గుంటకు 121 గజాలు కాబట్టి కొనేవాడు మనసులో ఇంటి స్థలం లెక్కే వేసుకుంటాడు. నాలుగు మామిడి మొక్కలు, ఒక ఇనుప గేటు, ఎర్రమట్టి బాట చూపిస్తారు. ఆ బాట ఎవరి పేరున ఉందో అడిగి చూడండి. చాలాచోట్ల ఇంకా పాత రైతు పేరునే ఉంటుంది. అక్కడ సేద్యం చేయడానికి నేల చాలదు, ఇల్లు కట్టడానికి అనుమతి రాదు. నన్నడిగితే, పల్లెలో ఒక ఎకరం నిజమైన పొలం కొని కౌలుకివ్వడం దీనికంటే నయం.

నాలా ఉత్తర్వు ఉందంటే హక్కు పక్కా అయినట్టేనా?

కాదు. ఆ ఉత్తర్వు నేల స్వభావం గురించి మాట్లాడుతుంది, యజమాని ఎవరన్న తగవు తీర్చదు. చేతులు మారిన పాత దస్తావేజులు (లింకు డాక్యుమెంట్లు), ఆ భూమి మీద జరిగిన లావాదేవీల జాబితా ఈసీ చూడాల్సిందే. తెలంగాణ జిల్లాల్లో 1954-55 నాటి ఖాస్రా పహాణీ, సేత్వార్ అనే పాత రెవెన్యూ దస్త్రాల దాకా వెళ్లండి. ఆంధ్ర జిల్లాల్లో ఆర్ఎస్ఆర్ అనే పాత సర్వే రిజిస్టరు, పాత అడంగల్ తీయించండి. వెనక్కి వెళ్లిన కొద్దీ కొన్ని భూముల అసలు రంగు బయటపడుతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ఉన్న నిషేధిత జాబితా ఆఖరి నిమిషంలో కాదు, అన్నిటికంటే ముందు చూడాలి.

అసైన్డ్ భూమి, అంటే పేదలకు ప్రభుత్వం ఇచ్చినది, 1977 చట్టం ప్రకారం అమ్మకానికి పనికిరాదు. ఆంధ్రప్రదేశ్ 2023లో, కేటాయించి 20 ఏళ్లు దాటిన భూములకు సడలింపు ఇచ్చింది. ఆ సడలింపు కింద జరిగిన లావాదేవీలపై తర్వాత విచారణలు మొదలయ్యాయి. దేవాదాయ, వక్ఫ్ భూముల జోలికి పోవద్దు. ఇక ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం ఉంది. అక్కడి భూమిని గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడి దగ్గర కొన్నా చెల్లదు. ఆ భూమికి ఏ శాఖ ఏ ఉత్తర్వు ఇచ్చినా కొనుగోలు నిలబడదు.

ఇంకో సంగతి. ఉత్తర్వులోని సర్వే నంబరు మాత్రమే కాదు, విస్తీర్ణం కూడా చదవండి. ఒకే సర్వే నంబరులో నాలుగెకరాలుంటే, ఎకరం ఇరవై గుంటలకు నాలా తీసుకుని, అదే కాగితం నకలు చూపించి నాలుగెకరాలూ అమ్మిన బేరాలు నేను చూశాను.

చెరువు పక్క పొలానికి నాలా వచ్చింది. కట్టుకోవచ్చా?

నిండుకుండలా ఉన్నప్పుడు చెరువు నీరు ఎంతవరకు వస్తుందో అదే ఎఫ్‌టీఎల్. దాని లోపల పట్టా భూములు ఉంటాయి, శిఖం పట్టాలంటారు. నీరు తగ్గాక వేసవిలో సాగు చేసుకోవడానికే ఆ హక్కు, గోడ కట్టడానికి కాదు. ఎఫ్‌టీఎల్ అవతల ఇంకొంత దూరం బఫర్‌గా వదలాలి: 10 హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. హైదరాబాదులో 2024లో, చెరువులు, ప్రభుత్వ భూముల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా కూల్చివేతలు మొదలుపెట్టాక బయటపడ్డ అవస్థ ఇదే. ఇళ్లవారి చేతిలో రిజిస్ట్రేషన్ పత్రాలున్నాయి, కొందరికి అనుమతి పత్రాలూ ఉన్నాయి. నీటి గీత మాత్రం వాటిలో లేదు.

నగరానికి పడమట ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌ల కథ ఇంకా పాతది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలు అవి. వాటికి పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో నిర్మాణాలకు కళ్లెం వేస్తూ 1996లో 111 జీవో ఇచ్చారు. దాన్ని ఎత్తివేస్తామన్న మాట ఎన్నిసార్లు వినిపిస్తే అన్నిసార్లు అక్కడ ధరలు ఎగిరాయి. మాట నమ్మి కొన్నవారు కాగితం కోసం ఎదురు చూశారు.

అమ్మబోయే రైతు ముందుగా తానే నాలా చేయించుకుంటే లాభమేనా?

కొనేవారు తరచూ ఇలా అడుగుతారు: "ఖర్చు మేం పెట్టుకుంటాం, నాలా మాత్రం మీ పేరున చేయించి ఇవ్వండి." వినడానికి ఉదారంగా ఉంటుంది. సంతకం పెట్టే ముందు ఆదాయపు పన్ను సంగతి ఆలోచించండి.

పల్లెలోని సాగు భూమిని పన్ను చట్టం మూలధన ఆస్తిగా చూడదు. అంటే దాన్ని అమ్మితే వచ్చిన లాభం మీద మూలధన లాభాల పన్ను ఉండదు. పల్లె అంటే ఏమిటో కూడా చట్టమే చెప్పింది. 10,000 నుంచి లక్ష జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షలుంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు, ఈ దూరాలకు అవతల ఉండాలి. దూరం రోడ్డు వెంట కాదు, సూటిగా కొలుస్తారు. అలాంటి పొలాన్ని పొలంగా అమ్మిన రైతుకు ఎంత వచ్చినా ఈ పన్ను లేదు. అదే పొలాన్ని నాలాకు మార్చి అమ్మితే అది సాగు భూమి కాదని తన చేతితో తానే రాసిచ్చినట్టు. కోట్లలో బేరమైతే ఈ తేడా లక్షల్లో ఉంటుంది. కొనేవారు పెట్టుకుంటామన్న లక్ష రుసుము దాని ముందు లెక్కలోకి రాదు.

పట్టణానికి దగ్గరగా ఉన్న సాగు భూమికి పన్ను ఉంది గానీ, ఒక వెసులుబాటు కూడా ఉంది. అమ్మడానికి ముందు రెండేళ్లు సేద్యం చేసి ఉండి, అమ్మాక రెండేళ్లలోపు మరో సాగు భూమి కొంటే మినహాయింపు అడగవచ్చు. నాలా చేయించి, కంచె వేసి, సేద్యం మాన్పించి ఏళ్ల తరబడి ఉంచిన భూమికి ఆ వాదన నిలవదు. ఇక రైతే స్వయంగా లేఅవుట్ వేసి ఒక్కో ప్లాటు అమ్ముకుంటూ పోతే దాన్ని వ్యాపారంగా లెక్కగట్టే అవకాశం కూడా ఉంది. అమ్మకం ఒప్పందానికి ముందే ఆడిటరు దగ్గర ఒక గంట కూర్చోండి. ఒప్పందం రాసుకున్నాక వెళ్తే ఆయన చేయగలిగేది తక్కువ.

పాసుపుస్తకం ఏమవుతుంది?

మార్చిన విస్తీర్ణం పాసుపుస్తకం నుంచి తీసేస్తారు. తెలంగాణలో సాగు భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయంలో జరుగుతుంది. నాలా అయ్యాక ఆ భూమి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లిపోతుంది. 2020లో భూమి దస్త్రాల పోర్టల్ ధరణి తెచ్చిన ఈ విభజనే 2025లో దాని స్థానంలో వచ్చిన భూ భారతిలోనూ ఉంది.

ఉన్నదంతా మార్చేసుకునే చిన్న రైతు ఒక్క క్షణం ఆగాలి. పెట్టుబడి సాయం, పంట రుణం ఆ భూమికి ఆగిపోతాయి. వీటికంటే ఎక్కువగా మరిచిపోయేది రైతు బీమా. 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వచ్చే పథకమది. పాసుపుస్తకమే దానికి ఆధారం. కొన్ని గుంటలైనా సాగు భూమిగా ఉంచుకోండని నేను చెప్పేది అందుకే.

అనుమతి లేకుండా ఇప్పటికే షెడ్డు కట్టేశాను. ఇప్పుడేం చేయాలి?

తెలంగాణలో 2006 చట్టం కింద అసలు రుసుముతో పాటు అందులో సగం జరిమానాగా కట్టాలి. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేస్తారు. మీరే వెళ్లి కట్టేయడం మంచిది.

పొలంలో మోటారు గది, పశువుల కొట్టం కట్టుకోవడానికి నాలా కావాలా?

అక్కర్లేదు, అవి సేద్యంలో భాగమే. కాపురానికి ఇల్లు కడితే ఆ మేరకు విస్తీర్ణం మార్చుకోవాలి, మొత్తం పొలాన్ని కాదు.

గ్రామకంఠంలో ఉన్న స్థలానికి?

అక్కర్లేదు. అది మొదటినుంచీ ఊరే.

విదేశాల్లో ఉన్నవారు కొనవచ్చా?

ప్రవాస భారతీయులు సాగు భూమి, ఫామ్‌హౌస్, తోట కొనడానికి విదేశీ మారక చట్టం ఒప్పుకోదు. ఇళ్ల స్థలం, ఇల్లు కొనవచ్చు. తాతతండ్రుల నుంచి వచ్చిన పొలాన్ని ఉంచుకోవచ్చు, అమ్మాలంటే ఇక్కడ నివసించే భారతీయ పౌరులకే అమ్మాలి. "ముందు కొనండి, తర్వాత నాలా చేయిద్దాం" అన్న సలహా ఇస్తున్నవారికి నష్టమేమీ లేదు. చిక్కు కొన్నవారికే.

వరి పొలాన్ని చేపల చెరువుగా మార్చడం కూడా ఇలాంటిదేనా?

చట్టంలో దారి వేరు, నేలకు జరిగేది మాత్రం దగ్గర దగ్గరగా ఇదే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో చెరువు తవ్వుకోవాలంటే మత్స్యశాఖ ద్వారా అనుమతి తీసుకోవాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ ఆక్వా రంగానికి ప్రత్యేక ప్రాధికార సంస్థను కూడా ఏర్పాటు చేసింది. మధ్యలో ఒక్క రైతు రొయ్యల చెరువు తవ్వితే గట్టు అవతలి వరి చేలోకి ఉప్పు ఊట దిగుతుంది. రెండేళ్లు ఎకరానికి అయిదారు బస్తాలు తక్కువ పండాక పక్క రైతు తానూ చెరువే తవ్విస్తాడు. దాన్ని ఇష్టపడి చేసిన మార్పిడిగా లెక్కేయడం నాకు సమ్మతం కాదు. కొల్లేరులో ఇది హద్దు దాటి, అయిదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, లోపలి చెరువులను 2006లో ప్రభుత్వమే పగలగొట్టించాల్సి వచ్చింది.

మా పక్క పొలం నాలా అయింది. నాకేమైనా నష్టమా?

ఆయకట్టులో ఉంటే తప్పకుండా. నీరు తూము నుంచి పెద్ద కాలువకు, అక్కడి నుంచి పంట బోదెకు, బోదె నుంచి ఒక చేను దాటి మరో చేనుకు వస్తుంది. నడిమధ్య రెండెకరాలు ఎత్తు చేసి మట్టి పోస్తే బోదె అక్కడితో ఆగిపోతుంది. దిగువ రైతు పొలం కాగితంలో ఇంకా తరి భూమే, నీరు మాత్రం రాదు. వానాకాలంలో దీనికి తలకిందులు: బయటికి పోవాల్సిన నీరు ఎత్తు చేసిన ప్లాట్లకు తగిలి వెనక్కి, మీ చేలోకే వస్తుంది. ఆ నీటికి కుళ్లిన నారు మడికి ఎవరూ పరిహారం రాయరు.

అందుకే పక్కన జేసీబీ కనిపించిన రోజే కదలాలి. బోదె, పుంత, డొంక, బండ్ల బాట సర్వే పటంలో ఉంటే వాటిని మూసే హక్కు ఎవరికీ లేదు. పొలం కొలతల పటం, అంటే ఎఫ్ఎంబీ నకలు గానీ, తెలంగాణలో టిప్పన్ గానీ తీసుకుని తహసీల్దారుకూ నీటిపారుదల శాఖకూ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. రోడ్డు వేశాక వెళ్తే మీ ఫిర్యాదు నలభై ప్లాట్ల యజమానుల మీద యుద్ధమవుతుంది.

ప్రభుత్వం తీసుకున్నా ఇదే పద్ధతా?

కాదు. సేకరణకు 2013 చట్టం ఉంది. నీటి వసతితో రెండు మూడు పంటలు పండే భూమిని ఆఖరి మార్గంగానే తీసుకోవాలని అందులో రాసి ఉంది. సమీకరణ ఇంకో దారి. అమరావతిలో 2015లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా అలాగే ఇచ్చారు. ఎకరం జరీబు, అంటే ఏడాది పొడవునా నీటి వసతి ఉన్న, భూమికి బదులు 1,000 గజాల నివాస స్థలం, 450 గజాల వాణిజ్య స్థలం, మెట్టకు 1,000, 250. పదేళ్లు కౌలు కూడా ఒప్పందంలో ఉంది. అంటే రైతు చేతిలోని పొలం కాస్తా ఒక నగరం మీద నమ్మకంగా మారింది. 2019 తర్వాత రాజధాని పనులు ఆగినప్పుడు ఆ స్థలాల విలువా దానితోపాటే కిందికి జారింది.

నాలా అయిన భూమిని మళ్లీ సాగులోకి తేవచ్చా?

దస్త్రాల్లో పొరపాటున నాలాగా ఎక్కిన భూమైతే సవరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో అలాంటివి చాలానే ఉన్నాయి. కావాలని మార్చుకుని, ప్లాట్లు అమ్ముడుపోక వదిలేసిన భూమి సంగతి వేరు. దానికి ముందు చూడాల్సింది దస్త్రం కాదు, నేల. లేఅవుట్ వేసేటప్పుడు పైమట్టి గీకి పక్కకు తోస్తారు, తరచూ అది ఇటుక బట్టీకి పోతుంది. మీద మొరం పరిచి రోలరు తిప్పుతారు. నల్లరేగడి అయినా ఎర్ర నేల అయినా పంట పండించేది ఆ పై జానెడు మట్టే. మొరం తీయించి, చెరువు మట్టి తోలించి, పశువుల ఎరువు వేసి నాలుగైదేళ్లు జనుము, జీలుగు దున్నేస్తే కొంత తేరుకుంటుంది. మొరం లోతు ఎంతుందో గడ్డపారతో పది చోట్ల గుచ్చి చూశాకే ఖర్చుకు దిగండి. జానెడు దాటితే దాని మీద సేద్యం ఆశ పెట్టుకోకండి. వేప, కానుగ లాంటి చెట్లు పెట్టి వదిలేయండి.